37 ఏళ్ళకి మెనోపాజ్ క్లినిక్‌కి వెళ్తే

"మెనోపాజ్ కన్సల్టేషన్ ఎవరండీ" అని రిసెప్షన్ అమ్మాయి హాలంతా వినపడేలా పిలిచింది. హాల్లో సగం మంది నిండు గర్భిణీలు, వాళ్ళూ వాళ్ళ అత్తలూ అందరూ ఒక్కసారిగా మూలన కూర్చున్న పెద్దావిడ వైపు తిరిగారు, ఆవిడేమో కోడలి స్కానింగ్‌కి తోడొచ్చింది, నేను కాదమ్మా నేను కాదు అని చెయ్యి ఊపుతోంది. అప్పుడు జీన్సూ కుర్తీ వేసుకున్న నేను లేచా. ఆ అమ్మాయి నన్ను చూసి "పేషెంట్ ఎక్కడున్నారు మేడం, వాష్‌రూమ్‌కి వెళ్ళారా" అంది.

ఇదీ ఈ క్లినిక్‌తో నా మొదటి పరిచయం. అయినా మూడుసార్లు వెళ్ళా, నాలుగోసారి కూడా వెళ్తా, ఎందుకో రాస్తా. క్లినిక్ హైదరాబాద్‌లోనే, మాదాపూర్ వైపు. పేరు రాయట్లేదు, తిట్టేవి కూడా ఉన్నాయి కాబట్టి. అసలిలాంటి చోటికి వెళ్ళాలా వద్దా అని ఊగిసలాడేవాళ్ళకి లోపల ఏం అడుగుతారు, ఏం ఇస్తారు, ఎంత అవుద్ది అనేది తెలిస్తే చాలు కదా.

నా సంగతి క్లుప్తంగా. 35కి రొమ్ము క్యాన్సర్, హార్మోన్ పాజిటివ్, అంటే ఆడ హార్మోన్లతో పెరిగే రకం. ఆపరేషన్, ఎనిమిది కీమోలు, రేడియేషన్, ఆ తర్వాత రోజుకొక టామాక్సిఫెన్ 20 ఎంజీ, ఆ హార్మోన్ క్యాన్సర్‌కి అందకుండా అడ్డుకునే మాత్ర. మూడో కీమోకల్లా పీరియడ్స్ ఆగిపోయాయి. ట్రీట్‌మెంట్ అయ్యాక ఏడు నెలలకి ఒకసారి వచ్చింది, పీరియడ్ వచ్చిందని స్వీట్ కొనుక్కుని తినడం జీవితంలో అదే మొదటిసారి. తర్వాత మూడు నెలలు లేదు, మళ్ళీ వచ్చింది, మళ్ళీ లేదు. ఈ వస్తూ పోతూ ఉండటంతో పాటే మిగతావన్నీ దిగాయి. వేడి పెనం మీద నీళ్ళు చల్లితే ఆవిరి ఎలా లేస్తుందో అలా ఛాతీ దగ్గర మొదలై మెడ మీదుగా మొహం దాకా ఒక మంట, వెంటనే చెమట, రెండు నిమిషాలకి ఆ చెమట ఆరి చలి. రాత్రిళ్ళు నాలుగుసార్లు లేవడం. పొద్దున్నే మంచం దిగితే అరికాళ్ళు, వేళ్ళు బిగుసుకుపోయి ముసలమ్మలా నడవడం. ఒకరోజు వంటింట్లో పొయ్యి మీద పాలు పొంగుతుంటే "అదీ, అదిటివ్వు, గిన్నె దించేది" అని అరుస్తా మా ఆయన్ని, పట్టకారు అన్న మాట ఎంతకీ నోటికి రాదు.

మా అమ్మ ఊరి నుంచి వచ్చి చూసి "నీకు బాగా వేడి చేసిందే" అని తేల్చేసింది. ఇక సబ్జా నీళ్ళు, బార్లీ, మజ్జిగ, మెంతులు. మనకి ఒంట్లో ఏ బాధ వచ్చినా వేడి చేయడమేగా. ఇది ఆ వేడి కాదమ్మా, ముట్లుడిగేటప్పుడు వచ్చే వేడి అంటే ఒక్క నిమిషం మాట్లాడలేదు. "నాకు 48కి కదే ఆగింది, నీకప్పుడే ఏంటే" అని మళ్ళీ మజ్జిగ కలపడానికి లేచింది. మన దేశంలో ఆడవాళ్ళకి మామూలుగా 46, 47 ఏళ్ళకి ఆగుతాయంట. కీమో మందులకి, అందులోనూ సైక్లోఫాస్ఫమైడ్ లాంటి వాటికి, అండాశయాల్లో ఉన్న అండాలు చాలా వరకు పోతాయి, అందుకే పదేళ్ళ తర్వాత రావాల్సింది ఇప్పుడే గుమ్మంలో నిలబడుద్ది. ఇది ముందే ఎవరూ చెప్పలేదా అంటే చెప్పారు, కాగితంలో ఉంది, సంతకం కూడా పెట్టా. ఆ రోజు ప్రాణం గురించి ఆలోచించే మనిషికి ఆ లైను ఎక్కడ కనపడుద్ది.

ఒక సంగతి చెప్పాలి. పోయిన డిసెంబర్‌లో మెట్రోలో లేడీస్ కోచ్, కూకట్‌పల్లిలో ఎక్కా, అందరూ స్వెట్టర్లలో ఉన్నారు, నేనేమో చున్నీ తీసేసి కర్చీఫ్‌తో మొహం తుడుచుకుంటున్నా, చెమట కణతల మీంచి కారుతోంది. ఒక పెద్దావిడ గబుక్కున లేచి "కూర్చో తల్లీ, ఎన్నో నెల?" అంది. కీమోకి ఒళ్ళు ఎనిమిది కేజీలు పెరిగింది, పొట్ట ఉంది, ఆవిడ తప్పేం లేదు. "ఐదో నెలండీ" అన్నా. ఎందుకన్నానో నాకే తెలీదు, క్యాన్సర్, కీమో, మెనోపాజ్ అని మొదలెట్టడం కంటే ఐదో నెల అనడం తేలికైంది. అమీర్‌పేట దాకా ఏం తినాలో ఏం తినకూడదో చెప్పింది. దిగాక ప్లాట్‌ఫామ్ మీద బెంచీ వెతుక్కుని కాసేపు కూర్చున్నా. ఆ రోజే అపాయింట్‌మెంట్ల కోసం వెతకడం మొదలెట్టింది.

మొదట దొరికింది ఈ క్లినిక్ కాదు, వేరే పెద్ద చోటు, మహిళా వెల్‌నెస్ ప్యాకేజీ అని 6,500 కట్టించుకుని రక్తం తీసి, హార్మోన్ ప్రొఫైల్ మొత్తం చేసి, "అన్నీ నార్మల్ రేంజ్‌లోనే ఉన్నాయండీ, మీది స్ట్రెస్, యోగా చెయ్యండి" అన్నారు. డాక్టర్ నాతో మాట్లాడింది ఆరు నిమిషాలు, అందులో రెండు నిమిషాలు ఫోను. అంతకుముందు మా వీధిలో డాక్టర్ గారు నిద్ర పట్టట్లేదు, ఏడుపొస్తోంది అంటే ఫ్లూయాక్సెటిన్ అనే డిప్రెషన్ మాత్ర రాశారు. ఆ రెండూ ఎంత తప్పో ఈ క్లినిక్‌కి వచ్చాకే తెలిసింది.

సరే అసలు రివ్యూకి వస్తా. ఫీజు 1,500. అపాయింట్‌మెంట్ 11కి ఇస్తే లోపలికి పంపింది పన్నెండున్నరకి, ఇది మూడుసార్లూ అంతే, కాబట్టి ఆఫీసుకి హాఫ్ డే పెట్టుకునే వెళ్ళండి. ఈలోపు ఒక ఫారం ఇస్తారు, అందులో భర్త పేరు, పిల్లలెంతమంది లాంటివి తప్ప క్యాన్సర్ ట్రీట్‌మెంట్ అని ఒక గడి కూడా లేదు, పక్కన మార్జిన్‌లో రాసుకున్నా.

కానీ డాక్టర్ గది వేరే లోకం. ఒక చిన్న టేబుల్ ఫ్యాన్ పేషెంట్ కుర్చీ వైపు తిప్పి పెట్టి ఉంది. ఏసీ రిమోట్ టేబుల్ మీద మన వైపు ఉంది. టిష్యూ డబ్బా కూడా మన వైపే. "ఎప్పుడు మంట వస్తే అప్పుడు తగ్గించుకోండమ్మా, నన్ను అడగక్కర్లేదు" అన్నారావిడ. నలభై నిమిషాలు కూర్చోబెట్టారు. రోజుకి ఎన్నిసార్లు వస్తోంది, ఎంతసేపు, రాత్రి ఎన్నిసార్లు, బట్టలు మార్చుకునేంత తడుస్తున్నాయా, కీళ్ళు, మతిమరుపు, కోపం, యూరిన్ మంట, అన్నీ అడిగారు. తర్వాత ఫైలు మూసి, మామూలుగా కూర అడిగినట్టు, "మీరూ మీ ఆయనా దగ్గరగా ఉంటున్నారా, నొప్పి ఉంటోందా" అన్నారు. రెండేళ్ళలో సర్జన్, మెడికల్ ఆంకాలజిస్ట్, రేడియేషన్ డాక్టర్, ఎంతమందిని చూశానో, ఈ ప్రశ్న ఒక్కరూ అడగలేదు. ఆ టిష్యూ డబ్బా మన వైపు ఎందుకుందో అప్పుడర్థమైంది.

6,500 పెట్టి చేయించిన రిపోర్టు తీసి చూపిస్తే పక్కన పెట్టేశారు. కీమో అయ్యాక ఓవరీలు ఒక నెల పనిచేస్తాయి, రెండు నెలలు పడుకుంటాయి, ఏదో ఒక రోజు రక్తం తీసి నార్మల్ అంటే ఆ రోజుకి నార్మల్ అంతే, పైగా టామాక్సిఫెన్ వేసుకునేవాళ్ళలో ఈస్ట్రాడియాల్ అనే ఆడ హార్మోన్ ఎక్కువగా కనిపించొచ్చు, మీ లక్షణాలే మీ రిపోర్టు అన్నారు. నా పరిస్థితిని ఆవిడ పెరిమెనోపాజ్ అనే పిలిచారు, పూర్తిగా ఆగిపోయిందని చెప్పలేం, మళ్ళీ రావచ్చు, రాకపోవచ్చు అన్నారు. అంటూనే "గర్భం రాకుండా ఏం వాడుతున్నారు" అని అడిగారు. పీరియడ్సే రావట్లేదు కదండీ ఇంకేం వాడతాం అన్నా. ఆవిడ పెన్ను కింద పెట్టేశారు. పీరియడ్ రాకపోయినా అండం రావచ్చు, టామాక్సిఫెన్ వేసుకుంటూ గర్భం వస్తే బిడ్డకి ప్రమాదం, హార్మోన్ పిల్స్ మీకు కుదరవు, కండోమ్ గానీ కాపర్ టీ గానీ అని గట్టిగా చెప్పారు. దేవుడా, ఒకటిన్నర సంవత్సరం గాలికి వదిలేశా. ఇంకోటి, టామాక్సిఫెన్ వాడేటప్పుడు బ్లీడింగ్ మరీ ఎక్కువైనా, మధ్య మధ్యలో కనపడినా, ఇదేదో పీరియడ్ తిరిగొస్తోందిలే అని ఊరుకోకుండా వచ్చి చూపించుకోమన్నారు.

ఫ్లూయాక్సెటిన్ చీటీ చూసి మాత్రం మొహం మారింది. టామాక్సిఫెన్ లివర్‌లో ఒక ఎంజైమ్ వల్ల అసలు పనిచేసే మందుగా మారుద్దంట, ఫ్లూయాక్సెటిన్, దాని జాతిదే అయిన పారోక్సెటిన్ ఆ ఎంజైమ్‌నే ఆపుతాయంట. తమాషా ఏంటంటే 2013లో అమెరికాలో హాట్ ఫ్లాషెస్‌కని, అంటే ఈ వేడి ఆవిర్లకని, ప్రత్యేకంగా పర్మిషన్ ఇచ్చింది ఆ పారోక్సెటిన్‌కే, నెట్‌లో చూసి మెడికల్ షాపులో కొనుక్కుని మింగేవాళ్ళు ఉంటారు, దయచేసి ఆ పని చెయ్యకండి. నాకు బదులుగా వెన్లాఫాక్సిన్ 37.5 ఎంజీ రాశారు, అదీ డిప్రెషన్ మందే, వేడి ఆవిర్లనీ తగ్గిస్తుంది, టామాక్సిఫెన్ జోలికి మాత్రం పెద్దగా పోదంట, అయినా రాసే ముందు నా ఆంకాలజిస్ట్‌కి నా ఎదురుగానే ఫోన్ చేశారు. ఈ ఒక్క ఫోన్ కాల్‌కి 1,500 ఇచ్చెయ్యొచ్చు.

హెచ్‌ఆర్‌టీ, అంటే తగ్గిపోయిన ఈస్ట్రోజెన్ లాంటి ఆడ హార్మోన్లని మందుగా ఇవ్వడం, దాని గురించి అడిగా, అడగకుండా ఎలా ఉంటా. మీది హార్మోన్ పాజిటివ్ కాబట్టి వద్దు అని రెండు ముక్కల్లో పంపేయకుండా, స్వీడన్‌లో రొమ్ము క్యాన్సర్ అయినవాళ్ళకి హార్మోన్లు ఇచ్చి చూసిన హాబిట్స్ అనే ట్రయల్‌ని 2003లో మధ్యలోనే ఆపేశారని, తీసుకున్నవాళ్ళలో క్యాన్సర్ మళ్ళీ ఎక్కువగా కనపడిందని చెప్పారు. కీమో వార్డులో నా పక్క కుర్చీ ఫ్రెండ్ ఒకమ్మాయి ఉంది, తనకి 29, లింఫోమా, అంటే లింఫ్ గ్రంథుల క్యాన్సర్, నాదిలా హార్మోన్లతో పెరిగేది కాదు. తనూ ఇదే డాక్టర్ దగ్గరికి వస్తుంది, తనకేమో హెచ్‌ఆర్‌టీ ఇచ్చారు. తనకి ఇవ్వకపోతేనే తప్పంట, అంత చిన్న వయసులో ఈస్ట్రోజెన్ పోతే ఎముకలకీ గుండెకీ దెబ్బ, మామూలుగా మెనోపాజ్ వచ్చే వయసు దాకా వాడాలంట. తనకి నెలలో వేడి ఆవిర్లు మాయం. మెసేజ్ చూసి కంగ్రాట్స్ అని పెట్టా, పెట్టి ఫోన్ బోర్లా పడేశా. అసూయే, దాచేదేముంది.

శతావరి లేహ్యం గురించి కూడా అడిగా, మా పిన్ని అరకిలో డబ్బా పంపింది. అందులో ఈస్ట్రోజెన్ లాగా పనిచేసే పదార్థాలు ఉండొచ్చు కాబట్టి మీరు ముట్టుకోవద్దు అన్నారు. సోయా అయితే కూరలో తింటే ఫర్వాలేదు, మాత్రల రూపంలో వద్దు. ఆ డబ్బా ఇంకా ఫ్రిజ్‌లోనే ఉంది, పిన్నికి చెప్పే ధైర్యం లేదు.

ఇక మైనస్‌లు. కింద ఫార్మసీ. డాక్టర్ గారు రాసింది వజైనల్ మాయిశ్చరైజర్, హయలురానిక్ యాసిడ్ ఉండేది, హార్మోన్ లేనిది, వారానికి రెండు మూడుసార్లు. కౌంటర్‌లో అబ్బాయి చీటీ చూసి తల దించుకుని లోపలికెళ్ళి ఒక నల్ల కవర్లో చుట్టి ఇచ్చాడు, శానిటరీ ప్యాడ్స్ చుట్టినట్టు. ఇంటికొచ్చి విప్పితే సువాసనల ఇంటిమేట్ వాష్. పొడిబారి మండేదానికి సబ్బు లాంటిది ఇస్తే ఏమవుద్ది, ఇంకా మండుద్ది. మర్నాడు ఆటోకి 180 పెట్టుకుని వెళ్ళి మార్చుకున్నా, మార్చేటప్పుడు కూడా మా ఇద్దరిలో ఆ పేరు పలికింది నేనే. ఒక మాట, మాయిశ్చరైజర్ వేరు, లూబ్రికెంట్ వేరు. మొదటిది మొహానికి క్రీమ్ రాసుకున్నట్టు పనున్నా లేకున్నా రాసుకునేది, రెండోది ఆ సమయానికి. కొబ్బరినూనె చాలామంది చెప్తారు, కండోమ్ వాడేవాళ్ళు మాత్రం వద్దు, నూనెకి లేటెక్స్ చిరిగిపోద్ది, వాటర్ బేస్‌డ్‌ది తీసుకోండి. ఆ ట్యూబు ధర 700 పైనే, నెలన్నర వస్తోంది, నాకు మూడో వారం నుంచి తేడా తెలిసింది.

సీబీటీ అని, ఆలోచనల తీరు మార్చుకోవడం నేర్పే కౌన్సెలింగ్, నాలుగు సెషన్లు, ఒక్కోటి 1,200. మొదట నవ్వుకున్నా, చెమటకి మాటలతో వైద్యమా అని. కానీ బ్రిటన్‌లో రొమ్ము క్యాన్సర్ అయినవాళ్ళ మీదే దీన్ని పరీక్షించి 2012లో ఫలితాలు ఇచ్చారంట, ఆవిర్ల సంఖ్య కంటే అవి పెట్టే బాధ తగ్గుద్దంట. నా విషయంలో అదే నిజమైంది. వేడి మొదలవగానే నా బుర్రలో తిరిగేది "అందరూ నన్నే చూస్తున్నారు", దానికి గుండె ఇంకా కొట్టుకునేది, ఇంకా చెమట. ఇప్పుడు నెమ్మదిగా పొట్టలోంచి గాలి పీల్చి వదులుతా, అది వచ్చిన దారినే పోద్ది. అయితే కౌన్సెలర్ మాట్లాడేది ఇంగ్లీషే, ఇచ్చిన పుస్తకమూ ఇంగ్లీషే. సిగ్గు, విసుగు, ఉక్క, ఉడుకుమోతుతనం, ఇవన్నీ నాకు తెలుగులోనే వస్తాయి, వాటిని ఇంగ్లీషులోకి మార్చి చెప్పేసరికి సగం ఆవిరైపోతాయి. నాలుగో సెషన్ మొదటి మూడింటి రిపీటే, ఎగ్గొట్టినా నష్టం లేదు.

ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్ వాళ్ళ దగ్గర లేదు, బయట చేయించుకోవాలి. నడుము ఎముక కాస్త పలచబడింది అని వచ్చింది. క్యాల్షియం, విటమిన్ డి, బరువులెత్తడం. రాగి సంకటి నాకు చిన్నప్పటి నుంచీ పడదు, ఇప్పుడు తింటున్నా.

వెన్లాఫాక్సిన్ మొదటి వారం నరకం, వికారం, నోరు పిడచగట్టుకుపోవడం, ఆవలింతలు. మానేద్దామని ఫోన్ చేస్తే మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు, ఇంకో వారం చూడండి అన్నారు. పదో రోజుకి సర్దుకుంది. క్లినిక్ వాళ్ళు ఇచ్చిన కార్డులో రోజూ గీతలు పెట్టా, మొదటి వారం రోజుకి 14, ఆరు వారాలకి 6. రాత్రిళ్ళు నాలుగుసార్లు లేచేదాన్ని, ఇప్పుడు ఒకసారి, కొన్ని రాత్రులు అసలు లేవను. కీళ్ళ బిగుతు అలాగే ఉంది, మాటలు మర్చిపోవడం అలాగే ఉంది. 2023లో అమెరికాలో అనుమతి వచ్చిన ఫెజోలినెటాంట్ అనే హార్మోన్ లేని కొత్త మందు గురించి అడిగితే, దాని ట్రయల్స్‌లో రొమ్ము క్యాన్సర్ అయినవాళ్ళని తీసుకోలేదు, తొందరపడొద్దు అన్నారు.

నేను సొంతంగా తగలేసిన డబ్బు గురించి కూడా చెప్తా. కూలింగ్ జెల్ దిండు, ఆన్‌లైన్‌లో 1,900. ఇరవై నిమిషాలు చల్లగా ఉండి తర్వాత ఒంటి వేడంతా పీల్చుకుని మనకే తిరిగిస్తుంది, కుక్క కూడా పడుకోలేదు దాని మీద. మెడకి వేసుకునే ఫ్యాను, 899. కీమో జుట్టు బెత్తెడు ఉన్నప్పుడు బ్రహ్మాండంగా పనిచేసింది, ఆఫీసులో అందరూ హెడ్‌ఫోన్స్ అనుకున్నారు. జుట్టు మెడ దాకా పెరిగాక ఒకరోజు మీటింగ్‌లో అందులో చుట్టుకుపోయింది, అంత కష్టపడి మొలిచిన జుట్టు, కత్తిరించి తీశారు. వీటన్నిటికంటే పనిచేసింది మా అమ్మమ్మ పాత నేత చీరలతో అమ్మ కుట్టిన బొంత. ఎన్నేళ్ళు ఉతికిందో ఆ నూలు, చెమట పీల్చుకుని తెల్లారేలోపు ఆరిపోద్ది. మా ఆయన రగ్గు కప్పుకుని, నేను బొంత మీద, ఏసీ 22లో, ఒకే మంచం మీద రెండు ఊళ్ళు.

ఇప్పటిదాకా మూడు కన్సల్టేషన్లు, కౌన్సెలింగ్, స్కాన్, మందులు కలిపి పదిహేను వేల దాకా అయ్యింది, ఓపీ కాబట్టి ఇన్సూరెన్స్ పైసా ఇవ్వలేదు. డాక్టర్‌కి ఐదుకి ఐదు, కౌన్సెలింగ్‌కి మూడు, ఫార్మసీకి ఒకటి, రిసెప్షన్‌కి సున్నా వెయ్యబోయి ఆగా, కారణం కింద ఉంది. అంత ఖర్చు కుదరదు అనుకునేవాళ్ళు ముందు మీ ఆంకాలజీ ఓపీలోనే నోరు తెరిచి అడగండి, వెన్లాఫాక్సిన్ ఖరీదైన మాత్రేం కాదు, అడగనిదే వాళ్ళూ రాయరు. గీతల కార్డు ఇంట్లో క్యాలెండర్ మీద కూడా పెట్టుకోవచ్చు, పట్టుకెళ్ళి చూపిస్తే డాక్టర్లు వింటారు.

రిసెప్షన్ సంగతి. మొదటిసారి వచ్చేటప్పుడు ఆ అమ్మాయితో నెమ్మదిగానే చెప్పా, అలా జబ్బు పేరు పెట్టి అరవకు చెల్లీ అని. మూడోసారి వెళ్ళేసరికి టోకెన్లు వచ్చాయి, గోడ మీద స్క్రీన్. నాది ఎం-7. పక్కన కూర్చున్న ఆవిడకి యాభై ఉంటాయేమో, ఎం-8 పట్టుకుని "ఎం అంటే మెటర్నిటీనా అమ్మా, నాకు తప్పు టోకెన్ ఇచ్చినట్టున్నారే" అంది. "కాదండీ, మెనోపాజ్" అన్నా. నన్ను పైనుంచి కిందకి చూసి "మరి నీకెందుకిచ్చారు?" అంది. చెప్పా, ఈసారి ఐదో నెల కాదు, ఉన్నదే చెప్పా. అయ్యో గియ్యో ఏమీ అనలేదావిడ. బ్యాగు ఒళ్ళోకి లాక్కుని నా వైపు జరిగి, గొంతు తగ్గించి, "ఐతే ఇది చెప్పు, రాత్రిళ్ళు నీక్కూడా జాకెట్టు పిండితే నీళ్ళు కారతాయా?" అంది. బొంత గురించి చెప్తూ ఉండగా ఎం-7 స్క్రీన్ మీద వచ్చి వెళ్ళిపోయింది, ఇద్దరం చూసుకోలేదు.